ఒక్క పని కంప్యూటర్

ఆదివారం, హనుమకొండ

మార్కెట్‌కు సెలవు. ఎనుమాములలో అడ్తి నడిపే బావ పాత బాకీల పద్దు అచ్చు తీసిపెట్టమంటే వెళ్లాను. ఆ పద్దు ఇంకా డాస్ కంప్యూటర్‌లోనే ఉంది. విండోస్‌కు ముందు పీసీలను నడిపిన సాఫ్ట్‌వేర్ డాస్. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ గరగరలాడినంతసేపూ తెర కదలలేదు. "హ్యాంగ్ అయిందా మామయ్యా?" అన్నాడు మేనల్లుడు. లేదురా, ప్రింటర్‌కు అక్షరాలు అందిస్తోంది, నీ మాట వినే తీరిక దానికి లేదన్నాను.

ఇంజినీరింగ్ కుర్రాడు, అంతటితో వదులుతాడా! 640 కేబీ మెమరీ గురించి వెక్కిరించాడు. డాస్‌ను అందరూ అక్కడే తిడతారు, నాకది అన్యాయమనిపిస్తుంది. 1981 నాటి ఐబీఎం పీసీలోని 8088 చిప్‌కు అందే మెమరీయే మొత్తం 1 ఎంబీ, అంటే 1024 కేబీ. అందులో పై 384 కేబీని తెరకూ కార్డులకూ, మీట వేయగానే యంత్రాన్ని లేపే బయోస్‌కూ కేటాయించింది ఐబీఎం. మిగిలిందే ఆ 640.

డాస్‌ను అనవలసింది మరోచోట ఉంది. ఒక ప్రోగ్రామ్ అడిగిన పని చేస్తూ డాస్ తన లెక్కలను ఎప్పుడూ ఒకే చోట రాసుకుంటుంది. ఆ మధ్యలో ఇంకో ప్రోగ్రామ్ పిలిచిందా, మొదటి లెక్క మీదే రెండోది రాసేస్తుంది. ఒకే చీటీ ఉన్న గుమాస్తాను ఇద్దరు రైతులు ఒకేసారి అడిగినట్టే. రెండో ప్రోగ్రామ్ వస్తుందన్న ఊహే ఆ రాతలో లేదు.

జనం ఊరుకున్నారా? 1984లో వచ్చిన బోర్లాండ్ కంపెనీ ప్రోగ్రామ్ సైడ్‌కిక్ మెమరీలో నక్కి కూర్చుని, మీట నొక్కగానే క్యాలిక్యులేటర్‌తో పైకి వచ్చేది. ఇలాంటివి డాస్ పనిలో ఉందో లేదో కనిపెట్టుకుని మెలగాలి. లేదంటే మొత్తం బిగుసుకుపోతుంది. ఒక ప్రోగ్రామ్ జాగాలోకి మరొకటి చొరబడకుండా ఆపే కాపలా కూడా 8088లో లేదు. తమాషా ఏమిటంటే, 1983 నాటి డాస్ 2.0లోనే మనం వేరే పని చేసుకుంటుండగా వెనకాల అచ్చు వేసే ప్రింట్ కమాండ్ ఉంది. అవసరం వాళ్లకు తెలియకపోలేదు మరి.

ఫైలు పేరుకు ఎనిమిదే అక్షరాలు కావడం మాత్రం నేను క్షమించను. ఇంగ్లిషులో నర్సంపేటకు తొమ్మిది కావాలి. బావ పద్దులో ఆ ఊరికి తోక తెగింది.

64 బిట్ల విండోస్ ఈ పాత ప్రోగ్రామ్‌ను నేరుగా నడపదు. కొత్త కంప్యూటర్‌లో డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్‌లో పెడదామంటాడు మేనల్లుడు. బావకు ప్రింటర్ బెంగ. ముందు పద్దు నకలు తీసుకుని ఇంటికి తెచ్చాను.