కాచుట అనే మాట

దేవుడు నరుణ్ణి ఏదెను తోటలో ఉంచింది రెండు పనుల కోసమని ఆదికాండము రెండవ అధ్యాయం 15వ వచనం చెబుతుంది: తోటను సేద్యపరచుట, దానిని కాచుట. ఆ రెండో మాట దగ్గర నాకు ప్రతిసారీ మా చెల్కలోని మంచె గుర్తుకు వస్తుంది. జొన్న పాలు పోసుకునే రోజుల్లో మా తాత తెల్లవారకముందే మంచె ఎక్కి, వడిసెలలో మట్టిబెడ్డ పెట్టి తిప్పుతూ, పిట్టల గుంపు వాలినప్పుడల్లా కేక వేస్తూ, పొద్దుగూకే దాకా దిగేవాడు కాదు. చేను కాయడమంటే కన్ను మూయకుండా ఉండడమని ఆయనను చూసే తెలుసుకున్నాను.

హెబ్రీ మూలంలో ఇక్కడ ఉన్న 'షామర్' అనే క్రియే 121వ కీర్తనలో కునుకని, నిద్రపోని దేవుని కాపుదలకూ వాడబడింది. ఆయన మనలను ఎలా కాస్తున్నాడో మనం నేలను అలా కాయాలి అన్నమాట. ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో ఈ వచనాన్నే తీసుకొని, బతుకుకు కావలసింది భూమి నుంచి తీసుకునే హక్కుతో పాటు దానిని రాబోయే తరాలకు భద్రంగా అందించే బాధ్యత కూడా మనకు ఉందని వివరించారు.

నల్లగొండలో మనం సేద్యం చేశాం, కాపు విడిచాం. ఇక్కడి గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరిన్ మనిషి పెట్టింది కాదు, నిజమే. కానీ చెరువులు పూడిపోయి, బావులు ఎండి, బోర్లు లోతుకు దిగిన కొద్దీ, ఏళ్ల తరబడి ఆ రాతిని ఒరుసుకున్న నీళ్లనే తోడుకొని తాగాం. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిన ఆ నీళ్లు మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో పిల్లల పళ్లను గారపట్టించాయి, పెద్దల ఎముకలను వంచాయి. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఇళ్లకు వచ్చాయి, అది గొప్ప ఊరట. వంగిన ఎముకలు మాత్రం మళ్లీ నిటారు కాలేదు.

సెప్టెంబరు 1న మొదలై అక్టోబరు 4న, పునీత అస్సీసి ఫ్రాన్సిస్ వారి పండుగతో ముగిసే సృష్టి కాలంలో, క్రైస్తవులు సృష్టి కోసం ప్రార్థించే ఆ రోజుల్లో, నాకు ఇదంతా మరింత దగ్గరగా తోస్తుంది. ఆ పునీతుడు నీటిని సోదరి అని పిలిచి, వినయం గలదని, విలువైనదని, నిర్మలమైనదని కీర్తించాడు. మా విచారణలో, అంటే మా దేవాలయ పరిధిలో, ఒక పెద్దాయన ఉన్నారు. దివ్యపూజలో ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి, చెప్పుకునే వేళ, మెడ తిరగనందువల్ల ఆయన ఒళ్లంతా మెల్లగా తిప్పి, పక్కవారి వైపు నిలబడి చేతులు జోడిస్తారు. సోదరి అన్న మాట ఆయన ముందు పలకాలంటే నాకు గొంతు పెగలదు.

గత అక్టోబరులో దేవాలయం పక్కన యువకులు ఇంకుడు గుంత తవ్వారు. పలుగు పట్టలేని ఆ పెద్దాయన గట్టున కూర్చొని చూశారు. ఇప్పుడు వాన వెలిసిన ప్రతిసారీ కర్ర ఊతంతో వచ్చి, గుంతలో నీళ్లు పూర్తిగా ఇంకేదాకా అక్కడే ఉంటున్నారు.