బొటనవేలు, కలం, చంటిపాప

పాపకు మూడో నెల నిండకముందే నా కుడిచేతి బొటనవేలు మొరాయించింది. చంకల కింద చేతులు పెట్టి పాపను పైకెత్తితే చాలు, వేలి మొదట్లో పుట్టిన మంట ముంజేతి దాకా పాకేది.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేదాన్ని నేను. మా కలం అంటే వెదురు పుల్ల. మొనకు కాస్త పైన గుడ్డ చుట్టి దారంతో బిగిస్తాం. రంగు పీల్చుకున్న ఆ గుడ్డను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే రంగు మొనకు దిగుతుంది. గీత సన్నంగా రావాలా, లావుగా రావాలా అన్నదంతా ఆ నొక్కుడులోనే ఉంది.

ఇంట్లో బాలింత వాతం అన్నారు. మా అత్త రోజూ వేడి నూనెతో మర్దనా చేసేది. రాత్రికి హాయిగా ఉండేది, తెల్లారేసరికి మళ్లీ అదే మంట. మొదట చూపించుకున్న చోట "ఇంటిపనే కదా, కాస్త తగ్గించుకో" అని పంపేశారు. తర్వాత వెళ్లిన ఎముకల డాక్టరమ్మ మాత్రం "చేతులతో ఏం పని చేస్తావమ్మా?" అని ముందు అడిగింది. ఆ ఒక్క మాటకు ఆమెకు ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను. బొటనవేలిని పిడికిట్లో ముడిచి, చేతిని చిటికెనవేలి వైపు వంచమంది. వంచీ వంచకుండానే కేక పెట్టాను. దీన్ని డి క్వెర్వేన్ అంటారని, బొటనవేలిని కదిపే స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి) మణికట్టు దగ్గర ఒరుసుకుని అక్కడ వాపు వస్తుందని, చంటిబిడ్డల తల్లుల్లో ఇది తరచూ చూస్తామని చెప్పింది. బొటనవేలిని కూడా కదలనివ్వని స్ప్లింటు ఇచ్చింది. పాలిస్తున్నానని తెలుసుకుని దానికి తగ్గ మాత్రలు రాసింది.

అసలు మార్పు పాపను ఎత్తుకునే తీరులో వచ్చింది. బొటనవేళ్లు చాచి చంకల కింద పట్టుకోవడం మానేశాను. అరచేతులు పైకి పెట్టి, ఒకటి పిరుదుల కిందికి, ఇంకొకటి వీపు కిందికి పోనిచ్చి ఎత్తుతున్నాను. పాలిచ్చేటప్పుడు పాప తల బరువు మణికట్టు మీద కాకుండా దిండు మీద పడుతుంది.

ఇక పని. కలంకారీలో అన్నీ కలంతో చేసేవి కావు. కరక్కాయ పొడి కలిపిన పాలలో గుడ్డ నానబెట్టి పిండడం మా ఆయన చేతికి వెళ్లింది. పిండటం నాకు ఇంకా కష్టం. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టే నల్ల కసిమి కుండ, రంగు ఉడికించే గంగాళం మా అమ్మ వాళ్ల పెరట్లోకి మారాయి. పాకే వయసు వస్తున్న బిడ్డ ఉన్న ఇంట్లో అవి ఉండకూడదని నేనే పట్టుబట్టాను. చింతబొగ్గుతో బొమ్మ వేయడానికి వేళ్లు బిగించక్కర్లేదు, చేయి మొత్తం ఆడించి గీయొచ్చు. పాప నిద్రపోయినప్పుడల్లా అదే చేశాను. నా జీవితంలో అన్ని కొత్త చెట్లూ, నెమళ్లూ ఎప్పుడూ వేయలేదు. పటిక పూయడం, రంగులు నింపడం మా పిన్ని కూతురు చేసింది. వచ్చిన డబ్బులో తన వాటా తనకు ఇచ్చాను.

ఉద్యోగం చేసే తల్లికి చట్టం 26 వారాల జీతంతో సెలవు ఇస్తుంది. సొంతంగా గుడ్డ మీద బొమ్మలు వేసుకునేదానికి అది లేదు. తొలి కాన్పుకు మాతృ వందన యోజన కింద వచ్చే 5,000 రూపాయలు మందులకూ బియ్యానికీ సరిపోయాయి. అందుకే ఆర్డర్లిచ్చిన వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాను, చేయి బాగయ్యాకే కలంతో నల్ల గీత వేస్తానని. ఒకరు వెనక్కి తీసుకున్నారు, మిగతావాళ్లు ఆగారు. ఆగినవాళ్ల గుడ్డలే ఆ ఏడాది మా ఇంటిని నడిపాయి.

స్ప్లింటుతో చాలావరకు తగ్గింది. మిగిలిన నొప్పికి డాక్టరమ్మ మణికట్టులో ఒక ఇంజెక్షన్ చేసింది. ఇప్పుడు కలానికి గుడ్డ ఇంకో రెండు చుట్లు ఎక్కువ చుడుతున్నాను. లావుగా ఉంటే వేళ్లు అంత బిగించనక్కర్లేదు. ఒక గుడ్డకు ఎన్ని రోజులు పడుతుందో చెప్పేటప్పుడు చేతికి విశ్రాంతినిచ్చే రోజులూ కలిపే చెబుతున్నాను, ధరలోనూ వాటిని లెక్కేస్తున్నాను.