బీప్ బీప్ మంటుంటే నోరు నొక్కేసా

మా ఇంట్లో టీవీ స్టాండ్ వెనకాల ఒక నాస్ బాక్స్ ఉంది, తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, రెండు హార్డ్ డిస్కులు పెట్టి రౌటర్‌కి కేబుల్‌తో తగిలించే చిన్న డబ్బా అది, ఇంట్లో ఎవరి ఫోన్ నుంచైనా ల్యాప్‌టాప్ నుంచైనా అందులో ఫైళ్ళు పడేసుకోవచ్చు. 2012లో కొన్నా. ఒక్కో డిస్కు 2 టీబీ, రైడ్ 1లో పెట్టా, అంటే ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ రాస్తుంది. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది కదా అని పదమూడేళ్ళు హాయిగా నిద్రపోయా.

కిందటి ఏడాది ఒకరోజు మధ్యాహ్నం అది బీప్ బీప్ మని మొదలెట్టింది. అమ్మ భోంచేసి పడుకునే టైము. "ఏంట్రా ఆ గోల, దాని నోరు ముయ్యించు" అంది. నేనూ ఆఫీసు కాల్‌లో ఉన్నా, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి బజర్ ఆఫ్ చేసి తర్వాత చూద్దాంలే అనుకున్నా. ఆ "తర్వాత" మొన్న మే నెలలో వచ్చింది. అక్క పెళ్ళి ఫోటో ఏదో అడిగితే ఫోల్డర్ ఓపెన్ చేశా, తిరుగుతూనే ఉంది తిరుగుతూనే ఉంది, అప్పుడు అడ్మిన్ పేజీ తీసి చూస్తే ఒక డిస్కు ఏడాది క్రితమే చచ్చిపోయింది, ఆ బీప్ దాని చావు కబురన్నమాట. మిగిలిన రెండోది ఒంటి కాలి మీద నిలబడి ఉంది. వేడి 58 డిగ్రీలు. ఫ్యాన్ ఎప్పుడు ఆగిపోయిందో ఏమో, దుమ్ముతో దూది పట్టేసి ఉంది. బెజవాడ ఎండలు, ఏసీ లేని హాలు, ఇంక చెప్పేదేముంది.

ఇక్కడ నేను చేసిన వెధవపని ముందు చెప్తా. కంగారులో ల్యాప్‌టాప్‌లోంచి ఫోల్డర్లన్నీ సెలెక్ట్ చేసి కాపీ పెట్టేశా. పోతున్న డిస్కుకి ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. ఎక్కడో ఒక చోట చదవలేక అక్కడే పదిసార్లు ఇరవైసార్లు గుద్దుకుంటుంది, కాపీ ఆగిపోతుంది, మనం మళ్ళీ మొదలెడతాం, మళ్ళీ అదే చోటికొచ్చి గుద్దుకుంటుంది, పైగా ఫోటోల ఫోల్డర్ తెరిచేసరికి చిన్న చిన్న బొమ్మలు చూపించడానికి ప్రతి ఫైలునీ కెలుకుతుంది. డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే స్మార్ట్ రిపోర్ట్‌లో 197 నంబరు అని ఒక లైన్ ఉంటుంది, పెండింగ్ సెక్టార్లు, అంటే చదవబోతే చదవలేకపోయిన చోట్లు. కాపీ పెట్టకముందు 24, గంట తర్వాత 160. అది చూసి వైరు పీకేశా.

గవర్నర్‌పేటలో ఒక షాపుకి తీసుకెళ్ళా, పేరు వద్దులెండి. ఆయన డిస్కు చేతిలో పట్టుకుని బరువు చూసినట్టు చూసి "ఓపెన్ చేయాలి సార్, డేటా వచ్చినా రాకపోయినా ఛార్జ్ ఇవ్వాలి" అన్నాడు. ఎక్కడ ఓపెన్ చేస్తారండీ అంటే ఆ టేబుల్ మీదే అన్నాడు, పైన సీలింగ్ ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. దుమ్ము కణం పడితే చాలు, డేటా చదివే హెడ్డు లోపల తిరిగే పళ్ళెం మీద గీత గీసేస్తుంది, అందుకే ల్యాబుల్లో దుమ్ము లేని క్లీన్ రూమ్‌లో విప్పుతారు. దణ్ణం పెట్టి వచ్చేశా. మా పిన్ని కొడుకేమో ఫ్రీజర్‌లో పెట్టన్నయ్యా అన్నాడు. మన ఉక్కపోతకి ఫ్రీజర్లోంచి తీసిన వస్తువు మీద క్షణంలో నీళ్ళు పడతాయిరా, ఆ తడి డిస్కు లోపల పడితే అయిపోయినట్టే అని చెప్పా. టక్ టక్ మని హెడ్డు కొట్టుకుంటున్న సౌండ్ వస్తే మాత్రం ఇంట్లో ఏమీ చెయ్యకుండా ఆపేసి అసలైన ల్యాబుకి పంపించాలి. నాది ఆ స్టేజీ రాలేదు, అదే అదృష్టం.

డిస్కు బయటికి తీసి పాత డెస్క్‌టాప్‌లో సాటా కేబుల్‌కి పెట్టా. విండోస్‌లో మాత్రం పెట్టకండి, లేదా పెట్టినా అది "ఇనిషియలైజ్ చెయ్యనా, ఫార్మాట్ చెయ్యనా" అని మర్యాదగా అడిగినప్పుడు ఓకే నొక్కకండి. నాస్ లోపల ఉండేది లైనక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) పద్ధతి, విండోస్‌కి అది అర్థం కాదు, అర్థం కానిదాన్ని ఖాళీ డిస్కు అనుకుంటుంది. నేను ఉబుంటు అనే లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, పోతున్న డిస్కుల్లోంచి డేటా తీసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ పెట్టా (ఉబుంటులో ప్యాకేజీ పేరు ముందు ఒక జీ తగిలిస్తారు, దాంతో అరగంట కొట్టుకున్నా). ఇది ఫైళ్ళ జోలికి పోదు, డిస్కు మొత్తాన్ని సెక్టార్ సెక్టార్‌గా కొత్త డిస్కు మీదికి దించుతుంది. మామిడి చెట్టు దగ్గర చేతికందిన కాయలు ముందు కోసేసి, అందనివాటికి తర్వాత చిక్కం వేస్తాం చూడండి, సరిగ్గా అదే పని. మొదటి రౌండ్‌లో బాగున్న చోట్లన్నీ తీసేస్తుంది, మొరాయించిన చోటుని దాటేసి గుర్తు రాసుకుంటుంది, ఆఖర్న వాటి దగ్గరికి తీరిగ్గా వస్తుంది. ఆ గుర్తులు రాసుకునే దాన్ని మ్యాప్ ఫైల్ అంటారు, దాన్ని వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, ఎందుకంటే పెన్‌డ్రైవ్ ఉబుంటు రీస్టార్ట్ అయితే అందులో మనం దాచినవన్నీ మామూలుగా గాల్లో కలిసిపోతాయి. నాకు రెండో రోజు సాయంత్రం గాలివాన వచ్చి కరెంట్ పోయింది, ఆ మ్యాప్ ఫైల్ వల్లే ఆగిన చోటునుంచి మళ్ళీ ఎత్తుకుంది.

ఇంకోటి, ఏది పాత డిస్కు ఏది కొత్తది అని సీరియల్ నంబర్ చూసి రెండుసార్లు చదువుకున్నా. తిరగేసి ఇచ్చామంటే ఖాళీ డిస్కుని తీసుకొచ్చి మన ఫోటోల మీద రాసేస్తుంది, అడిగేవాడు కూడా ఉండడు.

పెడస్టల్ ఫ్యాన్ డిస్కు మీదికి తిప్పిపెట్టా, అమ్మ "మాకు లేని గాలి దానికా" అంది. మొదటి ఏడు గంటల్లో 99 శాతం పైన వచ్చేసింది. మిగిలిన చిటికెడుకి ఒకటిన్నర రోజు. ఆఖరికి 38 ఎంబీ రాలేదు. 2 టీబీలో 38 ఎంబీ అంటే ఏముందిలే అనిపిస్తుంది, కానీ అది ఏ ఫైలులో పడిందనేది కదా అసలు ప్రశ్న. దానికో ఉపాయం ఉంది, రాని సెక్టార్లన్నిట్లో ఒక గుర్తు మాట నింపమని డీడీరెస్క్యూకే చెప్పొచ్చు, నింపేది కొత్త డిస్కు కాపీలోనే, తర్వాత ఆ మాట ఏయే ఫైళ్ళలో ఉందో వెతికితే దెబ్బతిన్నవి దొరికిపోతాయి. పదకొండు దొరికాయి. ఫోటోలు తొమ్మిది, 2016 కృష్ణా పుష్కరాల్లో నాన్న ఘాట్ మెట్ల మీద నిలబడ్డ ఫోటోలో నాన్న మొహం బాగానే ఉంది, నడుం కిందనుంచి నీళ్ళు, మెట్లు అంతా బూడిద రంగు. పర్లేదు, మొహం ఉంది. ఒకటి ఇన్‌కమ్ టాక్స్ పీడీఎఫ్, అది పోతే పోయింది.

పదకొండోది గురించి ఆఖర్న చెప్తా.

ఇప్పుడు మార్చిందేంటంటే, రైడ్‌ని బ్యాకప్ అనుకోవడం మానేశా. పొరపాటున ఫైలు డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది, దొంగ ఎత్తుకెళ్తే రెండూ ఒకే డబ్బాలో పోతాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు మా పటమట ఇల్లు తప్పించుకుంది గానీ సింగ్‌నగర్‌లో మా ఫ్రెండ్ ఇంట్లో ల్యాప్‌టాప్, దాని బ్యాకప్ డిస్కు రెండూ ఒకే బీరువా కింద అరలో ఉండి కలిసి మునిగాయి. అందుకని ఒక కాపీ ఇంట్లో, ఇంకోటి గుంటూరు బ్రాడీపేటలో బావగారి బీరువాలో. సంక్రాంతికి, దసరాకి వెళ్ళినప్పుడు కొత్తది ఇచ్చి పాతది తెచ్చుకుంటా. "ఏమోయ్, దీంట్లో నీ గుట్లేమైనా ఉన్నాయా" అని ఆయన జోకు, లాక్ వేసే ఇచ్చాను లెండి. ఇక డిస్కుల స్మార్ట్ రిపోర్ట్ చూడటం అమావాస్యకి పెట్టుకున్నా, ఆ రోజు ఎలాగూ కొత్త పనులేవీ మొదలెట్టనివ్వదు అమ్మ. బజర్ మాత్రం ఆన్‌లోనే ఉంది.

ఆ పదకొండోది అక్క పెళ్ళి వీడియో. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అన్నీ శుభ్రంగా ఉన్నాయి, సరిగ్గా అప్పగింతల దగ్గరికొచ్చేసరికి నాన్న అక్క చెయ్యి బావగారి చేతిలో పెట్టబోతుంటే బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగిపోయి, మళ్ళీ తేరుకునేసరికి అందరూ కారు ఎక్కుతున్నారు. అక్కకి ఇంకా చెప్పలేదు. వీడియో వాళ్ళు అప్పట్లో ఇచ్చిన డీవీడీ అక్క అత్తగారింట్లో అటక మీద ఉందని బావగారు అన్నారు. ఉందట సరే, ఇప్పుడు మా ఇంట్లో ఒక్క దానికీ డీవీడీ డ్రైవ్ లేదు. మీలో ఎవరిదగ్గరైనా పాత యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ పనిచేసేది ఉంటే చెప్పండి, రెండు రోజుల్లో తిరిగిచ్చేస్తా.