సోలెడు అంటే ఎంతే?

పొద్దున్న ఆరు కాకముందే మెలకువ వచ్చింది. రాత్రంతా ఉక్కపోత. గోదావరి వైపు నుంచి కూడా గాలి లేదు. పాలు పొయ్యి మీద పెట్టి ఫోన్ చూస్తే మా ఐదుగురి వాట్సాప్ గ్రూపులో అప్పటికే పదిహేడు మెసేజులు.

1999లో హైదరాబాద్‌లో ఒకే హాస్టల్ గదిలో ఉన్నాం మేం. అప్పటి నుంచీ ఊరి పేర్లతోనే పిలుచుకుంటాం. నేను రాజమండ్రి. మిగతా నలుగురూ ఏలూరు, కరీంనగర్, కర్నూలు, శ్రీకాకుళం. ఇప్పుడు ఏలూరు డాలస్‌లో, కర్నూలు బెంగళూరులో, శ్రీకాకుళం వైజాగ్‌లో ఉంటున్నారు. కరీంనగర్ మాత్రం కరీంనగర్‌లోనే ఉంది. మా గ్రూపులో పెద్ద విషయాలేం ఉండవు. "లేచావా?", "ఏం కూర?", "పనమ్మాయి వచ్చిందా?", "మీ దగ్గర వాన పడిందా?" ఇవే. మా అబ్బాయి ఒకసారి చూసి, రోజూ ఇవే ఎందుకమ్మా అన్నాడు. రోజూ తింటాం కదరా అన్నాను.

ఇవాళ మొదటి మెసేజు ఏలూరుది. ఒక కాగితం ఫోటో పెట్టింది. వాళ్ళమ్మ చేతిరాత. రూళ్ళ నోటుపుస్తకంలోంచి చింపిన పేజీ, ఒక మూల నూనె మరకకి సిరా పాకి 'ఉప్పు' అన్న మాట దాదాపు కనిపించడం లేదు. కింద ఏలూరు ప్రశ్న: "సోలెడు అంటే ఎంతే?"

ఆవిడ పోయిన కార్తీకంలో పోయారు. ప్రతి ఎండాకాలం ఎవరు అమెరికా వెళ్తున్నా కనుక్కుని, కవరు మీద కవరు చుట్టి, నూనె కారకుండా టేపు వేసి ఆవకాయ పంపేవారు. హాస్టల్‌కీ ఆవిడే పంపేవారు. ఆ జాడీ వచ్చిన రోజు మెస్సులో కూర ఏమిటని మేమెవరం అడగలేదు. ఇన్నేళ్ళలో ఏలూరు ఒక్కసారి కూడా తన చేత్తో ఆవకాయ పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం రాలేదు.

కాగితంలో ఉన్నది ఇంతే: "మానెడు ముక్కలకి సోలెడు కారం, సోలెడు ఆవపిండి, అరసోల మీద గిద్దెడు ఉప్పు, గుప్పెడు మెంతులు, నూనె తగినంత."

ఇక పొద్దున్నే లెక్కలు మొదలయ్యాయి. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. చిన్నప్పుడు మా నాయనమ్మ ధాన్యం కొలుస్తూ చెప్పినవి వేళ్ళ మీద లెక్కపెట్టి పంపించాను. అంటే మానెడు ముక్కలంటే నాలుగు సోలలు. ముక్కలు నాలుగు పాళ్ళయితే కారం ఒక పాలు, ఆవపిండి ఒక పాలు, ఉప్పు ముప్పావు పాలు. ఏ గిన్నె తీసుకున్నా ఫర్వాలేదు, అన్నీ దాంతోనే కొలుచుకో అన్నాను.

కరీంనగర్ వచ్చింది. "గివన్నీ మంచిగనే ఉన్నయి గని, అల్లం ఎల్లిపాయ ఎక్కడున్నదే ఇండ్ల? పోపు లేకుండ అదేం తొక్కే?" అంది. వాళ్ళింట్లో అల్లం వెల్లుల్లి నూరి వేసి, పోపు చల్లార్చి కలుపుతారు. హాస్టల్‌లో కూడా ఈ పోట్లాట ఉండేది. అప్పుడు రెండు జాడీలూ పక్కపక్కన పెట్టుకుని తినేవాళ్ళం. శ్రీకాకుళం బ్యాంకుకి బయల్దేరుతూ ఆటోలోంచి వాయిస్ మెసేజు పెట్టింది. "రాళ్ళ ఉప్పు ఎండబెట్టేవా లేదా ముందది చెప్పు, చెమ్మ ఉంటే బూజు పట్టేస్తాది." వెనకాల హారన్లు. కర్నూలు జొన్నరొట్టె, చెనిక్కాయల చట్నీ ఫోటో పెట్టి, "ఆడ కాయలు పుల్లగుంటాయా?" అని అడిగింది. మంచి ప్రశ్నే. అక్కడికి వచ్చే మామిడికాయలు ఎక్కువగా మెక్సికోవి. మా గోదావరి జిల్లాల్లో ఆవకాయకి కొత్తపల్లి కొబ్బరి కాయ కోసం చూస్తాం. పీచు, పులుపు, గట్టి టెంక ఉండాలి. టెంక అంటుకుని ఉంటేనే ముక్క ఏడాదంతా మెత్తబడకుండా నిలబడుతుంది. ఇక్కడైతే రైతుబజారులో కత్తి దగ్గర నిలబడి కొట్టించుకొస్తాం. ఏలూరేమో అక్కడి ఇండియన్ షాపులో చాలా కాయలు ఏరి, గట్టివి పది తెచ్చుకుందట. ముక్కలు ఇంట్లోనే కొట్టాలి.

కాసేపటికి ఏలూరు మళ్ళీ రాసింది. "ఏ గిన్నె అయినా ఒకటేనని తెలిసింది. కానీ అమ్మ సోల ఎంత ఉండేదో తెలుసుకోవాలనుంది."

ఏం రాయాలో తోచలేదు. తరవాత అటక మీద మా అత్తగారి ఇత్తడి సామాను గుర్తొచ్చింది. స్టూలు వేసుకుని దించాను. కుంచం, మానిక, తవ్వ, సోల, ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్నాయి. సోల అంచు ఒకచోట చిన్నగా నొక్కుకుపోయింది. చింతపండు పెట్టి తోమితే పచ్చగా మెరిసింది. దాన్నిండా నీళ్ళు పోసి, కేకులకి వాడే కొలత జగ్గులో వంచాను. పావు లీటరుకి కొంచెం తక్కువ వచ్చింది. సోల ఊరూరికీ కాస్త మారుతుంది. అయినా ఏలూరికీ మాకూ మధ్య ఉన్నది గోదావరి దాటి వంద కిలోమీటర్లే. సోలని అరచేతిలో పెట్టుకుని ఫోటో తీసి పంపించాను, ఎంత ఉంటుందో చేతిని బట్టి తెలుస్తుందని. "అమ్మది కూడా ఇంతే. గుర్తొచ్చింది. బియ్యం డబ్బాలో ఉండేది" అని రాసింది. ఆ తరవాత చాలాసేపు ఎవరమూ ఏమీ రాయలేదు.

మధ్యాహ్నం మామూలుగానే గడిచింది. దోసకాయ పప్పు, వడియాలు. కరెంటు రెండుసార్లు పోయింది.

రాత్రి ఏడున్నర దాటాక ఏలూరు వీడియో కాల్ చేసింది. తనకి శనివారం పొద్దున్న తొమ్మిది. మేం నలుగురం ఎక్కినప్పటికే ముక్కలు పొడిగుడ్డతో తుడిచి, జీడి తీసేసి పెట్టుకుంది. పెద్ద స్టీలు బేసినులో కారం, ఆవపిండి, ఉప్పు, మెంతులు వేసి కలిపింది. ఒక్కో గుప్పెడు ముక్కలు నూనెలో ముంచి, పిండిలో పొర్లించి జాడీలోకి వేస్తోంది. మొదటి రెండు గుప్పెళ్ళు భయం భయంగా. తరవాత చెయ్యి దానంతటదే నడిచింది. ఆవపిండి ఘాటుకి కళ్ళు ఎర్రబడ్డాయి. ఘాటుకేనా అని ఎవరం అడగలేదు. శ్రీకాకుళం మాత్రం "చెయ్యి తడి లేదు కదా?" అని మూడుసార్లు అడిగింది. కరీంనగర్ పట్టుబట్టి చిన్న గిన్నెలో కొంచెం పక్కకి తీయించి, దాన్లో అల్లం వెల్లుల్లి ముద్ద వేయించింది.

జాడీకి వాసెన కడుతూ ఏలూరు అంది, "మూడో రోజు తిరగకలపాలి కదే, ఎల్లుండి గుర్తు చెయ్యండే. అమ్మ ఫోన్ చేసి చెప్పేది."

"చేస్తం తియ్. రేపు ఏం కూర?" అంది కరీంనగర్.

సోమవారం రాత్రి ఏడున్నరకి ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. సోల ఇంకా అటకెక్కించలేదు. తుడిచి బోర్లించి వంటగట్టు మీదే ఉంచాను.