గూడూరు పెద్దమ్మ నింపిన కుండలు

బడి సంచికకి ఏదైనా రాయమంటే అందరూ మాస్టార్ల గురించే రాస్తారని తెలుసు కాబట్టి, నేను మన తెలుగు బడి రిజిస్టర్లలో ఎక్కడా లేని మనిషి గురించి రాస్తున్నాను. మద్రాసు వ్యాసర్పాడిలో బడి వెనక సందులో ఉండే గూడూరు పెద్దమ్మ. ఆవిడ అసలు పేరు పదో తరగతి అయ్యేదాకా నాకూ తెలియదు.

"నేను పుట్టినప్పుడు గూడూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండె. 1953లో ఆంధ్ర వేరైంది, ఆ మరుసటేడే నన్ను ఈడికి తోలారు, ఏం లాభం!" అని నవ్వేది. పెదనాన్నకి పులియంతోపు వైపు మిల్లులో పని. ఇల్లు, పిల్లలు, నిమ్మకాయ ఊరగాయ (కాయలు మాత్రం గూడూరు నుంచే రావాలి), ఇదీ ఆవిడ సంసారం.

మన బడి కొళాయిలో నీళ్ళు వచ్చిన రోజులు నాకైతే గుర్తు లేవు. తెల్లవారుజామున నాలుగింటికే పెద్దమ్మ చేతిపంపు దగ్గర ప్లాస్టిక్ బిందె పెట్టుకుని నిలబడేది, గంట కొట్టేలోపు వరండాలో రెండు కుండలు నిండేవి. 1982లో బడి పిల్లలకి ఎమ్జీఆర్ మధ్యాహ్న భోజన పథకం వచ్చాక వంటమ్మకి కూడా నీళ్ళు కావాల్సొచ్చి ఇంకో నాలుగు బిందెలు పెరిగాయి. ఒక్క పైసా ఎవరూ ఇవ్వలేదు, ఆవిడ అడగలేదు. ఒకసారి సాయం చేద్దామని వెళ్ళి, ఒక ముసలావిడ బిందె పక్కకి జరిపి నాది పెట్టేశాను. పెద్దమ్మ తిట్టలేదు, కొట్టలేదు, నా ఖాళీ బిందె తీసి లైన్ చివర పెట్టింది. ఆ రోజు మొదటి పీరియడ్ పోయింది నాకు.

1996లో కండలేరు జలాశయం నుంచి కృష్ణా నీళ్ళు మద్రాసుకి నీళ్ళిచ్చే పూండి చెరువుకి చేరినప్పుడు ఆవిడ సంబరం చూడాలి. "మా నెల్లూరు జిల్లా మీదుగా వచ్చినాయిరా, నా మాదిరే" అని వీధంతా చెప్పింది.

సాయంత్రాలు అరుగు మీద చదువు రాని పిల్లలకి గుణింతాలు దిద్దించేది, తను చదివింది ఎనిమిదో తరగతి. 2006లో తమిళనాడు బళ్ళలో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి చేశాక, డెబ్భైకి దగ్గరపడ్డ వయసులో పిల్లల వాచకమే ముందేసుకుని కూడబలుక్కుని నేర్చేసుకుంది. తమిళ్ అన్న మాటలో చివరి అక్షరం (ఇప్పటి తెలుగులో లేని 'ழ்') మాత్రం ఆవిడ నోరు ఎంతకీ తిరగలేదు, పిల్లలు నవ్వితే ఆవిడా నవ్వేది.

పోయిన ఏడాది, ఎనభై ఏడో ఏట వెళ్ళిపోయింది. నాకు మాత్రం 2015 డిసెంబరు వరదలే గుర్తొస్తాయి. మోకాలు దాటిన నీళ్ళు ఇంట్లోకొస్తే మేడ మీద వాళ్ళింట్లో కూర్చుని "జన్మంతా నీళ్ళ కోసం నేను తిరిగితిని, ఇప్పుడు అవే నన్ను ఎతుక్కుంటా వచ్చె" అంది. మేం నలుగురం నడుం లోతులో ఈడ్చుకుంటూ రెండు క్యాన్ల మంచినీళ్ళు పట్టుకెళ్ళాం, పొగుడుతుందేమో అనుకున్నాం కూడా. క్యాన్ వైపు చూసి, తర్వాత నా వైపే చూసి అడిగింది.

"రేయ్, లైన్లో నిలబడే తెచ్చినావా?"