మన బ్రదర్స్ పూజ ఎందుకు చెయ్యరంటే

"బ్రదర్, మీరు ఫాదర్లలాగా చర్చిలో పూజ ఎందుకు చెయ్యరు?" ఈ ప్రశ్న మన బడిలో ప్రతి బ్యాచీ అడిగిందే. జవాబు కోసం ఫ్రాన్సులోని రీమ్స్ దాకా వెళ్లాలి.

మన బడిలో పాఠాలు చెప్పే బ్రదర్స్ సన్యాస సభ స్థాపకులు పునీత జాన్ బాప్టిస్ట్ డి లసాల్ 1651లో అక్కడ పుట్టారు. తండ్రి న్యాయాధికారి, తల్లిది కులీన వంశం. పదహారో ఏటికే రీమ్స్ కతీడ్రల్ అనే పెద్ద చర్చిలో కానన్ అయ్యారు. బతికినన్నాళ్లూ రాబడి వచ్చే పదవి అది. 1678లో గురుపట్టం పొందారు, అంటే పూజ చెయ్యగల ఫాదర్ అయ్యారు. మరుసటి ఏడు, పేద పిల్లలకు బడి పెట్టాలని రువాన్ ఊరి నుంచి ఆడ్రియన్ నియెల్ అనే ఆయన వచ్చారు. ఆయనకు కాస్త సాయం చేద్దామని మొదలుపెట్టిన లసాల్ గారు ఇక ఆ పని వదల్లేకపోయారు.

పేదల బడిలో పాఠం చెప్పే పంతుళ్లంటే అప్పట్లో ఎవరికీ లెక్కలేదు. వాళ్లను 1681లో ఆయన తన ఇంట్లోనే పెట్టుకున్నారు. బంధువులు భగ్గుమన్నారు. మరుసటి ఏడాది పంతుళ్లతో కలిసి అద్దె ఇంటికి మారిపోయారు.

దేవుడు చూసుకుంటాడు, దిగులు పడకండి అని ఆయన ధైర్యం చెబితే పంతుళ్లు ఊరుకోలేదు. మీకేం, ఆస్తీ ఉంది, పదవీ ఉంది. బడి మూతపడితే వీధిన పడేది మేమే కదా అన్నారు. ఆ మాట ఆయనకు సూటిగా తగిలింది. 1683లో పదవి వదిలేశారు. దాన్ని తమ్ముడికి కూడా ఇవ్వకుండా ఒక పేద ఫాదర్‌కు అప్పగించారు. ఆ చలికాలం కరువొచ్చింది. ఉన్న ఆస్తి రొట్టెలై ఆకలిగొన్నవాళ్లకు చేరింది. దానాలు చేసిన దొరలు చాలామందే ఉన్నారు. తన కింద పనిచేసే పంతుళ్ల మాట విని, వాళ్లలాగే చేతిలో ఏమీ లేనివాడైన దొరను నేను ఇంకొకరిని ఎరగను.

అప్పటిదాకా పిల్లలకు చదవడం లాటిన్‌లో మొదలయ్యేది. ఆయన బడుల్లో ఫ్రెంచితో మొదలుపెట్టారు. ఒక్కొక్కరినీ పిలిచి చెప్పే బదులు తరగతి మొత్తానికీ ఒకేసారి పాఠం చెప్పించారు. ఫీజు లేదు. పారిస్‌లో డబ్బు తీసుకుని రాత నేర్పే పంతుళ్లు ఆయన్ను కోర్టుకీడ్చారు. మా ఇంట్లో మొదట పలక పట్టింది నేనే. మన బడిలో తెలుగు అక్షరాలతో మొదలుపెట్టాను కాబట్టే నిలబడగలిగాను. అందుకే ఆ ఫ్రెంచి పాఠాల విలువ నాకు బాగా తెలుసు.

ఇక మన ప్రశ్న. గురుపట్టం వస్తే మనసు బడి నుంచి గుడి వైపు మళ్లుతుందని, పంతుళ్లలో పెద్దాచిన్నా తేడా పుడుతుందని ఆయన భావించారు. అందుకే తాను ఫాదర్ అయి ఉండి కూడా, తన సభలో ఎవరూ ఫాదర్లు కాకూడదని, అందరూ బ్రదర్స్‌గానే ఉండి పాఠాలు చెప్పాలని నిర్ణయించారు. 1719లో గుడ్ ఫ్రైడే నాడు రువాన్‌లో కన్నుమూసేదాకా ఆ మాట మార్చలేదు.