సీడీ పట్టని ప్లేస్టేషన్

11 సెప్టెంబర్ 2024, బుధవారం, హనుమకొండ

పొద్దున నా రిపేర్ షాపు షట్టర్ ఎత్తేసరికే మానుకోట నుంచి వచ్చిన పిల్లగాడు మెట్ల మీద కూర్చున్నాడు. ఒళ్లో టవల్‌లో చుట్టిన పీఎస్4, అంటే సోనీ వాళ్ల గేమ్ మెషీన్ ప్లేస్టేషన్ 4. మొన్నటి వానలకు ఇంట్లోకి నీళ్లొచ్చాయట. ఆ వైపు వాన ఎట్లా పడిందో అందరికీ తెలిసిందే, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. "ఆన్ చేసినవా?" అని అడిగితే "లేదన్నా, ఆన్ చేయొద్దని మా సార్ చెప్పిండు" అన్నాడు. ఆ సారెవరో గాని పుణ్యాత్ముడు. తడిసిన మెషీన్లను చంపేది నీళ్లకన్నా ఎక్కువ, ఆరిందో లేదో చూద్దామని ప్లగ్ పెట్టే తొందరే.

అయితే వాడి దిగులు మెషీన్ గురించి కాదు. లోపల సీడీ ఉండిపోయింది, అది దోస్తుది. "మెషీన్ ఎప్పుడైనా చెయ్యన్నా, ముందుగాల సీడీ తియ్యి. వాడు రోజూ ఫోన్ చేస్తున్నడు" అని ఒకటే పోరు. బోర్లా తిప్పి, అడుగున చిన్న రంధ్రంలో ఉండే స్క్రూని స్టార్ స్క్రూడ్రైవర్‌తో తిప్పుతూ పోతే కాసేపటికి సీడీ అంచు బయటికొచ్చింది. బురద వాసన. అంచు నుంచి లోపలి దాకా ఎండిన మట్టి చార. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి బయటికి తుడిచి షాపులోని పీఎస్4లో వేశాను. చదివింది. పిల్లగాడి మొహం చూడాలి! మెషీన్ నా దగ్గర వదిలేసి సీడీ జేబులో పెట్టుకుని బస్సెక్కి పోయాడు. బోర్డు మీద రెండు మూడు చోట్ల పచ్చటి తుప్పు ఉంది. కడిగి ఆరబెట్టాను, రేపు చూడాలి.

రాత్రి మండపం దగ్గర జరిగిన లొల్లి అప్పుడే మళ్లీ గుర్తొచ్చింది.

చవితి మొన్న శనివారమే కాబట్టి మా గల్లీలో కుర్రాళ్లంతా రాత్రి పూట వినాయకుడి దగ్గరే. నిన్న ఎనిమిదిన్నరకు సోనీ వాళ్ల వీడియో ఉందని పొద్దుటి నుంచీ టెన్షన్ పడుతున్నారు. హారతి అయ్యాక, పులిహోర ప్లేట్లు పట్టుకుని, మా తమ్ముడి ఫోన్ చుట్టూ మూగారు. కొత్త మెషీన్ పీఎస్5 ప్రో గురించి. తొమ్మిది నిమిషాల వీడియో. మార్క్ సెర్నీ, పీఎస్4, పీఎస్5 రెండూ డిజైన్ చేసిన మనిషి, ఒక్కడే నిలబడి నెమ్మదిగా చెప్పుకుంటూ పోయాడు. మామూలు పీఎస్5 కన్నా బొమ్మలు గీసే చిప్‌లో లెక్కలు చేసే యూనిట్లు 67 శాతం ఎక్కువ, మెమరీ 28 శాతం ఫాస్ట్, గ్రాఫిక్స్ గీసే వేగం 45 శాతం దాకా పెరుగుతుంది, బొమ్మను ఏఐతో పదును పెట్టే పద్ధతి ఒకటి. క్వాలిటీ, స్పీడ్‌లలో ఏదో ఒకటి ఎంచుకోమంటే నాలుగింట మూడు సార్లు జనం స్పీడే ఎంచుకుంటున్నారట, ఇక ఆ రెండూ కలిపే దొరుకుతాయట.

తర్వాత మామూలు పీఎస్5 బొమ్మ, ప్రో బొమ్మ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆరంగుళాల ఫోన్, పైన సీరియల్ బల్బుల వెలుగు. "ఏది ప్రో అన్నా?" అని ఒకడు. "కుడి పక్కది." "రెండూ ఒక్కతీరుగనే ఉన్నయి కదా!" నిజం చెప్పాలంటే నాకూ అట్లాగే కనిపించింది. పెద్ద 4కే టీవీలో చూస్తే తేడా ఉంటుంది, దాన్ని కాదనను. కానీ కొనమని చెప్పడానికి పెట్టిన వీడియోలో తేడా వెతుక్కోవాల్సి రావడం ఏం పద్ధతి?

చివర్లో రేటు వేశారు. 700 డాలర్లు. ఒక్కసారిగా "ఓరి దేవుడా!"

ఎన్‌ఐటీలో చదివే పిల్లగాడొకడు అక్కడికక్కడే ఫోన్‌లో లెక్క కట్టాడు, దాదాపు 59 వేల రూపాయలు. దాని మీద కస్టమ్స్, జీఎస్టీ వేసుకుంటే మన దగ్గర లక్ష తప్పదని తీర్పిచ్చాడు. ఇప్పుడున్న పీఎస్5 ఇక్కడ 54,990. అంతలో ఇంకొకడు కింద రాసింది చదివాడు. సీడీ డ్రైవ్ లేదు. కావాలంటే విడిగా 80 డాలర్లు. నిలబెట్టే స్టాండ్‌కు ఇంకో 30. అప్పుడు మొదలైంది అసలు తిట్ల పురాణం. మైకు సెట్ ఆపి ఉంది కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే గల్లీ అంతా వినేది.

అందరి కోపం రేటు మీద. నా లెక్క వేరు. రేటు ఎక్కువైతే కొనం, అంతే. కొనేవాడు ఎట్లాగూ కొంటాడు. మనకు నొప్పి పుట్టేది సీడీ దగ్గర. పీఎస్5లో పెద్ద గేమ్ కొత్తగా వస్తే 4,999. అది ఈ ఊళ్లో ఒకడు కొంటాడు, ముగ్గురు ఆడతారు, ఆఖరికి నాలుగోవాడికి అమ్ముడుపోతుంది. నయీంనగర్‌లో గేమ్ పార్లర్ నడిపే అన్నను చూడండి. 27న కొత్త ఫుట్‌బాల్ గేమ్ వస్తుందని నిరుటి సీడీలు పోయిన వారమే వదిలించుకున్నాడు. ఇంకో పది రోజులు ఆగితే ఎవడూ సగానికి కూడా అడగడు. డౌన్‌లోడ్ గేమ్ అయితే దాన్ని ఎవరికి అమ్ముతాడు?

ఎన్‌ఐటీ పిల్లగాడు ఒప్పుకోలేదు. "సీడీలు ఎవరు వాడుతున్నరన్నా ఇప్పుడు? ఫైబర్ నెట్ ఉంది, సేల్‌ల కొంటే ఇంకా చీప్" అన్నాడు. వాడి మాట కొట్టిపారేసేది కాదు. సేల్‌లో పాత గేములు నిజంగానే బాగా తగ్గుతాయి. కానీ వాడికి హాస్టల్ వైఫై, ఒక్కడే ఆడుకుంటాడు. వంద జీబీ గేమ్ మొబైల్ డేటా మీద దించుకోవాల్సినవాడి సంగతి వాడికెందుకు?

నాకు మాత్రం 2013 కళ్లముందు తిరిగింది. డిగ్రీ రోజులు, నెట్ అంటే డాంగిల్. ఆ మే 21న మైక్రోసాఫ్ట్ తన కొత్త గేమ్ మెషీన్ ఎక్స్‌బాక్స్ వన్‌ను చూపించింది. గేముల కన్నా టీవీ గురించే ఎక్కువ మాట్లాడారు. ఆ తర్వాత షరతులు బయటపడ్డాయి. 24 గంటలకోసారి నెట్‌కు కనెక్ట్ కావాలి, పాత సీడీలు చేతులు మారడానికి ఆంక్షలు. నెట్ లేనివాళ్ల సంగతేంటని అడిగితే, వాళ్లకు పాత ఎక్స్‌బాక్స్ 360 ఉంది కదా అన్నాడు ఎక్స్‌బాక్స్ అప్పటి బాస్ డాన్ మాట్రిక్. ఆ మాటకు మా బ్యాచ్ మొత్తం పీఎస్ పార్టీలోకి మారిపోయింది, కొనే పైసలు ఒక్కడి దగ్గరా లేకున్నా. జూన్‌లో సోనీ పీఎస్4కు 399 డాలర్లని చెప్పి, ఎక్స్‌బాక్స్ వన్‌కు 499 చెప్పిన మైక్రోసాఫ్ట్‌ను ఇరుకున పెట్టింది. అంతటితో ఆగకుండా అర నిమిషం కూడా లేని వీడియో ఒకటి వదిలింది. గేమ్ దోస్తుకు ఎట్లా ఇవ్వాలి? ఒకతను సీడీ డబ్బా పక్కవాడి చేతిలో పెడతాడు, అతను థ్యాంక్స్ అంటాడు. అయిపోయింది. ఎన్నిసార్లు చూసి నవ్వుకున్నామో! జూన్ 19కల్లా మైక్రోసాఫ్ట్ ఆ షరతులన్నీ వెనక్కి తీసుకుంది.

ఆ వీడియో చేసిన కంపెనీయే ఇవాళ తన అన్నిటికన్నా ఖరీదైన మెషీన్‌లో సీడీకి చోటు పెట్టలేదు. విడిగా కొన్న డ్రైవ్‌ను కూడా మొదటిసారి నెట్‌కు కలిపితేనే జత అవుతుంది. రాత్రి ఈ సంగతి చెబితే మా తమ్ముడు "నీది ముసలి బాధ" అన్నాడు. వాడి పీఎస్4లో ఉన్న గేములన్నీ ఎక్స్‌చేంజ్‌లో తెచ్చినవే, అది వేరే సంగతి.

లొల్లి పదకొండు దాటినా తెగలేదు. పెద్దాయనొకరు వచ్చి "దేవుని ముంగట ఏం పంచాయితీరా ఇది" అంటే లేచారు. లేచాక కూడా గల్లీ మూలన నిలబడి ఇంకో రౌండ్ వేసుకున్నారు.

8 నవంబర్ 2024, శుక్రవారం

దీని కిందనే రాసి పెడుతున్నా. పీఎస్5 ప్రో నిన్న బయట దేశాల్లో విడుదలైంది, మన దేశంలో రాలేదు. దాంట్లో వైఫై 7 అనే కొత్త రకం వైఫై ఉంది, అది వాడే 6 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండ్‌కు ఇక్కడ ఇంకా అనుమతి లేదు కాబట్టి ఇండియాకు ఇవ్వట్లేదని సోనీయే చెప్పింది. లక్షా, లక్షన్నరా అని అంత కొట్లాడిన రేటు అసలు మనకు వర్తించేదే కాదు. పార్లర్ అన్నకు ఫోన్ చేసి చెబితే "మంచిగైంది, కొనమని ఎవడూ సతాయించడు" అన్నాడు.

మా తమ్ముడు ఊరుకోలేదు. డిసెంబర్‌లో పెళ్లికి వస్తున్న డాలస్ బావకు మెసేజ్ పెట్టాడు. మెషీన్, డ్రైవ్, స్టాండ్ కలిపి 810 డాలర్లు, సంక్రాంతి లోపల ఇచ్చేస్తానని. బావ ఇవాళ జవాబిచ్చాడు. మెషీన్ ఎక్కడ పడితే అక్కడ ఉందట. సీడీ డ్రైవే స్టాక్ లేదట.